తల బయట పెట్టిన మేకు

ప్రహ్లాద్ తన యాభై ఒక్క ఏళ్ల బతుకులో ఒక్క మేకును కూడా పూర్తిగా దిగ్గొట్టలేదు.

చేతకాక కాదు. ఆయన పనే అలాంటిది. నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్‌లో ఏటా స్టాళ్లు కట్టేవాళ్లలో ఆయనొకడు. జనవరి వచ్చేసరికి బల్లీ కర్రలు, ప్లైవుడ్, రంగు గుడ్డలతో ఒక ఊరిని నిలబెడతారు. ఫిబ్రవరి సగంలో ఆ ఊరిని మడత పెట్టి లారీ ఎక్కిస్తారు. నలభై ఆరు రోజుల ఇంటికి మేకు మొత్తం దిగితే, పీకేటప్పుడు చెక్క చీలిపోతుంది. అందుకని తలను గోరంత బయట పెట్టి ఆపెయ్యాలి, మేకులు పీకే జంబూరు నోటికి అందేలా. ముప్పై ఏళ్లుగా ఆపి ఆపి, ఆ చోటికి రాగానే ఆయన చెయ్యి దానంతట అదే ఆగిపోతుంది. మిగతా ఏడాదంతా పెళ్లి స్టేజీలు, కాలేజీ ఫంక్షన్లు, నాయకులు నిలబడి వాగ్దానాలు చేసే వేదికలు. వేదికలను ఆయన గట్టిగానే కట్టేవాడు. వాగ్దానాలు ఆయన డిపార్ట్‌మెంటు కాదు.

చిక్కేమిటంటే, ఇంట్లోనూ అదే చెయ్యి.

స్టేషన్ వెనక గల్లీలో ఒకటిన్నర గదుల కిరాయి ఇల్లు ఆయనది. ఆ సగం గది ఏదో ఇప్పటికీ ఎవరికీ తేలలేదు. అద్దం, క్యాలెండర్, బట్టల తాడు, దేవుడి పటం, అన్నీ తల బయటికి పెట్టిన మేకుల మీదే. ఆయన భార్య జమున అటు నడిస్తే ఒక మేకు, ఇటు నడిస్తే ఇంకో మేకు కొంగు పట్టుకుని లాగుతాయి. సామానంతా స్టాళ్లలో మిగిలినదే. వంటింటి అల్మారా తలుపు మీద ‘దయచేసి ముట్టుకోరాదు’ అని ఉంటుంది. బాత్‌రూం తలుపు ఒకప్పుడు మాయల అద్దాల స్టాలుది. దాని మీద ‘లోపలికి రండి, నవ్వకపోతే డబ్బు వాపస్’ అని పెద్ద ఎర్ర అక్షరాలు. చుట్టాల ముందు పరువు పోతోందని జమున గొడవ పెడితే, ప్రహ్లాద్ తలుపును తిప్పి బిగించాడు. ఇప్పుడు లోపల కూర్చున్నవాళ్లు చదువుకుంటారు.

జమున సుల్తాన్ బజార్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేస్తుంది. చీర చూపిస్తే చాలు, నూట యాభై రకాల బ్లౌజు ముక్కల్లోంచి సరైన రంగు లాగి బల్ల మీద వేస్తుంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆమె ఒక్కటే అడిగింది.

“ఏ తలుపు మీద ఏం రాయని ఇల్లు కావాలె నాకు. ఎవ్వరు విప్పరానిది. గంతే.”

*

ఆ ఇంటి సంగతి ఆబిడ్స్‌లో చాయ్ దగ్గర మొదలైంది. ప్రహ్లాద్ రోజూ చాయ్ తాగేది సదాశివ సార్‌తో. డెబ్బై ఆరేళ్ల రిటైర్డు లెక్కల సారు. తొమ్మిదో తరగతిలో ప్రహ్లాద్‌ను లెక్కల్లో ఫెయిల్ చేసింది ఈయనే. ఆ దెబ్బకు ప్రహ్లాద్ బడి మానేశాడు కాబట్టి ఇద్దరికీ స్నేహం కుదిరింది.

సారు ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. వికారాబాద్ దాటాక గోరింటపల్లిలో వాళ్ల తాతల నాటి పెంకుటిల్లు. పెంకులు సగం లేవు. వెనక గోడ కూర్చుంది. ఇల్లంతా తూర్పుకు ఒరిగి, పక్కింటివాళ్ల మాటలు చెవి పెట్టి వింటున్నట్టుంది.

“అమ్మేస్తున్నరా. ఒకాయన అడుగుతున్నడు. జేసీబీ పెట్టి పడగొట్టి ప్లాటు చేసుకుంటడంట. బుధవారం సాయంత్రం వరకు ఏ సంగతి చెప్పాలె. ఇల్లును ఇల్లు లెక్క ఉంచేటోడు దొరికితే వానికే ఇద్దునని ఉన్నది నాకు. అదే రేటుకు.”

“ఎప్పటి నుంచి ఒరిగింది సార్?”

“నేను పుట్టినప్పటి నుంచి గట్లనే ఉన్నది. మా దర్వాజ మూసుకోంగ నేను చూడలే. మా అమ్మ రోలు అడ్డం పెడుతుండె.”

ప్రహ్లాద్ చాయ్ కప్పు కింద పెట్టేశాడు.

“అంటే డెబ్బై ఆరేండ్ల నుంచి అంతే ఒరిగున్నదా? జరంత గూడ ఎక్కువ కాలేదా?”

“లేదురా. ఏం?”

“ఒరిగేది ఒరుగుతనే ఉండాలె గద సార్. నడిమిట్ల ఎందుకు ఆగింది మరి?”

లెక్కల సారు చాయ్ డబ్బులిచ్చి లేచాడు. ప్రహ్లాద్‌కు ఆ ప్రశ్న పంట్లో ఇరుక్కున్న సోంపు గింజ అయింది. నాలుక అక్కడికే పోతుంది.

*

ఆదివారం పొద్దున నాంపల్లిలో రైలెక్కి నలుగురూ వెళ్లారు: ప్రహ్లాద్, జమున, సదాశివ సారు, పై పోర్షన్‌లో ఉండే శశికిరణ్. శశికిరణ్ అపార్ట్‌మెంట్ల దగ్గర సైట్ ఇంజనీరు. వాళ్ల తాతగారు తెనాలి నుంచి వచ్చి యాభై ఏళ్లు దాటింది, కానీ ‘అండి’ మాత్రం ఇంటి నుంచి పోలేదు. దాచుకున్నదంతా ఒక్కసారి పెట్టేస్తే మళ్లీ దాచే వయసు లేదని, చదువుకున్నవాడు చూసి చెబితేనే అడుగు వెయ్యాలని జమున పట్టుబట్టి అతన్ని తీసుకొచ్చింది.

రోలు జరిపి లోపలికి వెళ్లారు. పెద్ద హాలు, రెండు వరసల్లో పన్నెండు టేకు స్తంభాలు. గూట్లో ఒక కోడి గుడ్లు పొదుగుతూ, వీళ్లను కిరాయి అడగడానికి వచ్చినవాళ్లను చూసినట్టు చూసింది. వంటింటి కప్పులోంచి ఆకాశం దిగుతోంది. గోడలోంచి రావి మొక్క ఒకటి చెయ్యి బయట పెట్టింది.

శశికిరణ్ తూర్పు గోడ వెంట అటూ ఇటూ తిరిగాడు. ఫోన్‌లో ఏదో కొలిచాడు. నాలుగు ఫోటోలు తీశాడు.

“అంకుల్, మీరు ఏమీ అనుకోకండి. తూర్పు వైపు పునాది కుంగిపోయిందండి. పైన పెంకులు, గోడలు ఎంత బాగు చేయించినా దండగే. పడగొట్టి కొత్తది కట్టుకోవాలి, లేదంటే వదిలెయ్యాలి.”

“తవ్వి చూసినవా బాబు?” అన్నాడు ప్రహ్లాద్.

“తవ్వక్కర్లేదండి. కళ్లకే కనబడుతోంది కదా.”

జమున ఆ మాటలు వినలేదు. ఆమె పెరట్లో బట్టలుతికే బండ దగ్గర నిలబడి, తన కొంగునే పట్టుకుని ఎండలో తిప్పి తిప్పి చూస్తోంది.

“ఇగో, ఇటు రా జర! ఇది మెరూన్! షాపుల బ్రౌన్ అనుకుని తెచ్చుకున్న. మూడేండ్ల నుంచి బ్రౌన్ బ్లౌజు మీద కడుతున్న దీన్ని!”

ట్యూబ్‌లైట్ కింద బతికే మనిషి. సరైన రంగు చూడాలంటే గిరాకీని తీసుకుని రోడ్డు మీదికి రావాలి, అక్కడ ఆటోలు తోసేస్తాయి. ఇక్కడ ఎండ పెరట్లో తీరిగ్గా కూర్చుని ఉంది, ఎవరూ లెమ్మనడం లేదు. ఆమె ముఖం చూసి ప్రహ్లాద్‌కు శశికిరణ్ చెప్పింది చెప్పబుద్ధి కాలేదు. సారే చెప్పేశాడు.

“పునాది పోయిందంటమ్మా.”

జమున కొంగు భుజం మీద వేసుకుంది. తిరుగు రైల్లో వికారాబాద్ నుంచి లింగంపల్లి దాకా కిటికీ బయటికే చూసింది. లింగంపల్లి దాటాక మాత్రం, “పోనీ. మనకు అలవాటే గదా కొంగు చిరగడం” అంది. అదీ కిటికీతోనే అంది.

*

మంగళవారం నుమాయిష్ మైదానంలో విప్పుడు పని. నిన్నటిదాకా జనం తోసుకున్న చోట ఇప్పుడు చెక్క చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రహ్లాద్ ఒక పచ్చళ్ల స్టాలు పలకలు దించుతున్నాడు. ప్రతి పలక అంచునా ఉలితో పెట్టిన గాట్లు ఉంటాయి. చాక్‌పీసు అంకెలు చేతులు తగిలి చెరిగిపోతాయని ఆయన కనిపెట్టుకున్న పద్ధతి అది. ఒక గాటు ఉంటే ఒకటో పలక, రెండుంటే రెండోది. ఎడమ వరసకు నిలువు గాట్లు, కుడి వరసకు ఏటవాలు గాట్లు. ఏది ఏ చోటిదో వచ్చే ఏడాది చీకట్లో తడిమినా తెలుస్తుంది.

అలా పద్ధతి ఉండి కూడా ఒక ఏడాది ఇదే పచ్చళ్ల స్టాలుకు రెండు పలకలు తారుమారు చేశాడు. స్టాలు పక్కకు ఒరిగింది. మర్నాడే ప్రారంభం, విప్పే టైము లేదు. సందుల్లో అట్టముక్కలు కుక్కి, పైన పసుపు గుడ్డ చుట్టి, “కొత్త మోడల్ సార్, గిరాకీ ఇటు వంగి చూస్తది” అని ఓనర్‌కు చెప్పాడు. ఓనర్ ఆ ఒరిగిన స్టాలు ముందు నిలబడి ఫోటో కూడా దిగాడు. నలభై ఆరు రోజులూ స్టాలు అంతే ఒరిగి ఉంది. ఒక్క వేలు ఎక్కువ ఒరగలేదు.

ఒక్క వేలు ఎక్కువ ఒరగలేదు!

ప్రహ్లాద్ చేతిలోని పలక మీద నాలుగు గాట్లున్నాయి. బొటనవేలు వాటి మీద తిరుగుతూ ఆగిపోయింది. ఈ గాట్లను ఆ వేలు మొన్ననే ఎక్కడో తడిమింది. గోరింటపల్లి హాల్లో, కుడి వైపు స్తంభానికి ఆనుకుని శశికిరణ్ మాట వింటున్నప్పుడు. ఎలుకలు కొరికినవేమో అనుకున్నాడు. ఎలుకలు లెక్కపెట్టి, ఏటవాలుగా కొరుకుతాయా?

జంబూరు అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తాడు.

“రేపు పొద్దుగాల మల్ల పోత” అన్నాడు, రొప్పుతూ.

“ఎందుకు? పునాది లేసి నిలబడ్డదంటనా?” అంది జమున.

“తెల్వదు. చూడాలె.”

జమున చేతిలో గరిటె కింద పెట్టింది. “ఒక్కనివే పోతే వచ్చి ‘కొత్త మోడల్’ అని చెప్తవ్. నేను గూడ వస్త. షాపుల సెలవు పెడుత.”

*

బుధవారం పది గంటలకు ఇద్దరూ ఆ ఇంట్లో ఉన్నారు. సంచిలో సుత్తె, స్క్రూడ్రైవర్, గుప్పెడు మేకులు, నీళ్లు నింపిన పొడవాటి పారదర్శక పైపు. ఎగుడుదిగుడు నేల మీద స్టాళ్లు కట్టేవాడికి ఆ పైపే ఇంజనీరు. రెండు కొసలూ పైకి పట్టుకుంటే లోపలి నీళ్లు రెండు వైపులా ఒకే ఎత్తులో నిలబడతాయి. ఏ వైపు కుంగిందో దాచడం నీళ్లకు చేతకాదు.

“నువ్వు పడమటి దిక్కు స్తంభం కాడ కూసో. కింద రాయి మీద స్కేలు పెట్టు. నీళ్లు యాడ ఆగినయో చెప్పు.”

“జానెడు.”

తూర్పు వైపు రాయి దగ్గర ప్రహ్లాద్ కూర్చుని చూశాడు. జానెడే. ఆయన పక్క స్తంభానికి జరిగాడు, ఆమె ఎదురు స్తంభానికి జరిగింది. జానెడు. జానెడు. జానెడు. పన్నెండు స్తంభాల కిందా పన్నెండు రాళ్లు, అన్నీ ఒకే మట్టం. ఇల్లు ఒరిగింది కానీ కాళ్లు కుంగలేదు.

“అంటే శశికిరణ్ తప్పు చెప్పిండా?”

“తప్పు గాదు. ఒరిగితే పునాదే అనుకుంటరు చదువుకున్నోళ్లు. మనం వేరే తీర్ల గూడ ఒరగబెడతం గదా.”

తర్వాత గాట్లు. ఆయన స్తంభాన్ని తడుముతూ చెబుతుంటే ఆమె పైకి చూసి దూలాల మీద వెతికింది. ఒక గాటు స్తంభం మీద ఒక గాటు దూలం. రెండు మీద రెండు. మూడు మీద మూడు. మేకన్నది ఎక్కడా లేదు, అన్నీ చెక్క చీలలే.

“ఇది నాలుగు” అన్నాడు.

“పైన ఐదున్నయ్” అంది జమున.

“సరిగ లెక్కబెట్టు.”

“రంగులు లెక్కబెట్టే దాన్ని, గీతలు లెక్కబెట్టరాదా? ఐదు! పక్కదాని మీద నాలుగున్నయ్.”

ప్రహ్లాద్ విరిగిన అరుగు బండ ఒకటి దొర్లించుకొచ్చి దాని మీదికెక్కాడు. స్తంభం, దూలం కలిసే చోట మట్టి మెత్తి, సున్నం కొట్టి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకాడు. మట్టి రాలింది. దాని వెనక సందు, ఆ సందులో కుక్కిన చింతచెక్క ముక్క. దాని పక్కన ఇంకోటి. వాటి మీద గోనెపట్టా చుట్టి ఉంది.

ఆయన బండ దిగి నేల మీద చతికిలపడి నవ్వడం మొదలుపెట్టాడు. గూట్లో కోడి లేచి నిలబడింది.

“ఏమైందయ్యా? చెప్పి నవ్వరాదు?”

“అట్టముక్కలు, జమునా! వీడు చెక్కముక్కలు పెట్టిండు, గంతే తేడా. నాలుగు జాగల ఐదు, ఐదు జాగల నాలుగు ఎక్కిచ్చిండు. ఐదోది నాలుగు వేళ్లు పొడుగున్నది, అది స్తంభాన్ని బయటికి తోసింది. ఇల్లు ఒరిగింది, దర్వాజ మూసుకోలే. విప్పనీకి టైం లేదు వానికి. ముక్కలు కుక్కి, మట్టి పూసి, ఏదో ఒకటి చెప్పి పోయిండు. నూరేండ్ల నుంచి దొరకలే వాడు! ఇయ్యాల దొరికిండు!”

“అంటే నీ అసొంటోడే కట్టిండన్నట్టు.”

“సేమ్ టు సేమ్.”

“రెండు దూలాలు మారిస్తే నిలబడ్తదా?”

“నిలబడ్తది. గోడ, పెంకులు వేరే పని, అది చేసుకోవచ్చు.”

ఆమె ముఖంలోకి మొన్నటి మెరూన్ ఎండ మళ్లీ వచ్చింది. అది చూసి ప్రహ్లాద్ నవ్వు ఆగిపోయింది. ఇంకో మాట ఉంది. చెప్పకుండా ఊరుకుంటే ఇల్లు వచ్చేస్తుంది. ఆమె ఎప్పటికీ కనిపెట్టదు. పసుపు గుడ్డ చుట్టేసినంత తేలిక. ఆయన ఒక మేకు తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

“జమునా. గాట్లు ఎవరు పెడతరు చెప్పు.”

“కట్టేటోళ్లు.”

“గాదు. విప్పేటోళ్లు పెడతరు. ఈడ్నే చెక్కి ఈడ్నే కడితే గాట్లతోని పనేంది? ఈ ఇల్లు యాడనో ఉండె. విప్పి, బండ్ల మీద తెచ్చి, ఈడ మల్ల కట్టిన్రు. నువ్వు విప్పరాని ఇల్లు అడిగినవ్ గదా... ఇది గూడ స్టాలే. పెద్ద స్టాల్.”

జమున పైపును చుట్ట చుట్టి పక్కన పెట్టింది. చుట్టిన దాన్ని విప్పి మళ్లీ చుట్టింది.

“యాడ నుంచి తెచ్చిన్రంట?”

“తెల్వదు.”

“ఎవరిదంట?”

“గది గూడ తెల్వదు.”

ఆమె లేచి స్తంభాల దగ్గరికి వెళ్లింది. ఒక్కొక్క దాని గాట్లను, బ్లౌజు ముక్క నేత చూసినట్టు, వేలితో తడుముతూ ఆ చివరిదాకా నడిచింది. ఆరో స్తంభం దగ్గర ఆగింది.

“ఈడ ఐదున్నర ఉన్నయ్. ఆరోది సగం గీకి, చెయ్యి జారింది వానికి. అన్నానికి పిలిచిన్రేమో.”

“పెండ్లాం తిట్టి ఉంటది” అన్నాడు ప్రహ్లాద్, నేల చూస్తూ.

“తిట్టదా మరి? ఇల్లు ఒరగబెట్టినోన్ని!” ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. “అయితే, విప్పనీకి వస్తది. అయినా ఇన్నేండ్లు ఎవ్వరు విప్పలే. అంతే గదా?”

“అంతే. ఆ రెండు దూలాలకు మాత్రం జర విప్పాలె.”

“మల్ల కడ్తవు గదా?”

“కడ్త.”

“అట్టముక్కలు పెట్టకు.”

ప్రహ్లాద్ తల పైకెత్తేసరికి ఆమె సంచిలోంచి సుత్తె తీసింది. దర్వాజా చట్రం మీద ఒకప్పుడు తోరణం కట్టుకున్న పాత మేకు బెజ్జాలు రెండు మూడు ఉన్నాయి. ఇల్లంతటికీ ఇనుము తగిలింది అక్కడొక్కచోటే. సుత్తెను ఆయన చేతిలో పెట్టి ఆ బెజ్జాల పక్కన వేలితో చూపించింది.

“కొట్టు ఈడ. మొత్తం.”

ఆయన కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. గోరంత మిగిలింది. చెయ్యి ఆగిపోయింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ ఆగింది. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో ఆమె వైపు చూశాడు.

“పోతలేదు జమునా.”

“మేకా, చెయ్యా?”

“చెయ్యి.”

సుత్తె ఆమె తీసుకుంది. మొదటి దెబ్బ మేకుకు, రెండోది చట్రానికి తగిలాయి. మూడోది మేకు తలకు పక్కగా పడింది. మేకు మెడ వంచి, టేకులోకి ఒత్తుకుపోయి పడుకుంది. ఏ జంబూరూ దాన్ని ఇక పట్టుకోలేదు. ప్రహ్లాద్ ‘అయ్యో’ అని నోరు తెరిచాడు, మూసుకున్నాడు. ఫోన్ తీసి సదాశివ సార్‌కు కలిపాడు.

“చెప్పరా. ఆ జేసీబీ ఆయన పొద్దుగాల నుంచి రెండుసార్లు చేసిండు. ఏం చెప్పమంటవ్?”

“లేదని చెప్పున్రి సార్. ఇంట్ల మేకు కొట్టేసినం.”

“ఏం మేకురా? పునాది కుంగిందన్నరు గదా?”

“కుంగలే సార్. లెక్క తప్పింది. నాలుగు జాగల ఐదు, ఐదు జాగల నాలుగు పడ్డయ్.”

అవతల చాయ్ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

“తొమ్మిదో తరగతిల నువ్వు చేసింది గూడ గదే గదరా!” అన్నాడు సారు.

ప్రహ్లాద్ నవ్వుతూ ఇటు తిరిగేసరికి జమున దర్వాజా దగ్గరే ఉంది. కొంగు కొసను ఆ వంకర మేకు మీదుగా ఒకసారి మెల్లగా లాగి చూసింది. పట్టుకోలేదు. ఇంకోసారి లాగింది. పట్టుకోలేదు. రోలు దాటుకుని, ఇల్లు చుట్టి, పెరట్లో ఎండలోకి పోయింది.